ఖాళీ గడి

మెదీర్ కొదినా గురించి మా ఊళ్ళో రెండే మాటలు చెప్పేవారు. పారిస్‌లో డెబ్భైమంది ఒకేసారి ఆయన రాసిన సంగీతం వాయిస్తే జనం లేచి నిలబడ్డారన్నది ఒకటి. సర్దానా అంటే కాళ్ళతో చేసే కూడికలని ఆయన పత్రికలో రాశాడన్నది రెండోది. పారిస్ సంగతి ఎవరూ కళ్ళారా చూడలేదు. పత్రిక మాత్రం ప్రతి ఇంట్లోనూ చదివారు, చదవడం రానివాళ్ళు పక్కింటివాళ్ళ చేత చదివించుకున్నారు.

ఆదివారం పూట పూజ అయ్యాక చౌకులో చేతులు పట్టుకుని, వలయం కట్టి సర్దానా ఆడని మనిషి మా విలమోరెల్‌లో ఉంటే, వాడికి జబ్బయినా చేసి ఉండాలి, పొగరయినా ఉండాలి. కొదినాకి జబ్బేం లేదు. ఆయన భార్య ఆగ్నెస్ మాత్రం ముప్ఫై ఏళ్ళు వరసగా ఒక్కతే వచ్చి ఆడి వెళ్ళేది. ఆయన ఊళ్ళో ఉన్నా సరే, ఆ టైములో ఇంట్లో కిటికీ మూసుకుని రాసుకునేవాడు.

నా పేరు రెమేయ్ బస్సగోదా. చర్చి పక్క సందులో దారాలూ గుండీలూ అమ్మే కొట్టు నాదే. అసలు పని నకళ్ళు రాయడం. సంగీతం కట్టేవాడు పదకొండుమంది మేళగాళ్ళ స్వరాలూ ఒకే కాగితం మీద, ఒకదాని కింద ఒకటి రాసి పారేస్తాడు. అందులోంచి ఎవరిది వారికి విడదీసి, నిలబడి ఊదుతూ చదువుకునేలా పెద్దక్షరాలతో రాసివ్వాలి. చుట్టుపక్కల ఏడు మేళాలకి నేనే రాసేదాన్ని. నా చేతి రాతలో తప్పు ఉందని అన్నవాడు అప్పటిదాకా పుట్టలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. మా వలయానికి లెక్క పట్టేది నేనే. సర్దానాలో పొట్టి అడుగుల భాగం ఒకటి, పొడుగు అడుగుల భాగం ఒకటి ఉంటాయి. ఒక్కో భాగం ఎన్ని గడులుందో, అంటే కాగితం మీద నిలువు గీతల మధ్య పడే తాళం ముక్కలు ఎన్నున్నాయో, తెలిస్తేనే చివరి అడుగు ఎక్కడ మార్చాలో తెలుస్తుంది. మేళం ఆగిన క్షణానికి పాదం సరిగ్గా ముగింపులో ఉండాలి. లేకపోతే పన్నెండుమందీ గాల్లో కాలు పెట్టుకుని వెర్రిమొహాలు వెయ్యాల్సిందే. అందుకని ప్రతి వలయంలో ఒకరు లెక్క పెడుతూ, పక్కవాళ్ళ వేళ్ళు నొక్కి సైగ అందిస్తారు. ముప్ఫై మూడేళ్ళు నొక్కాను నేను. ఒక్కసారీ తప్పలేదు.

కొదినా అంటే నాకు పడదు. ఇది దాచుకోవాల్సిన పనేం లేదు. నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు వేసవి సెలవులకి ఆయన బార్సిలోనా నుంచి వచ్చి ఊళ్ళో పిల్లలకి పియానో చెప్పేవాడు. రెండు నెలలు నేర్పి, మా అమ్మ ఎదురుగానే, ఈ అమ్మాయికి లెక్కలొచ్చు గానీ సంగీతం రాదు, అనవసరంగా పంపకండి అన్నాడు. మా అమ్మ ఇంటికొచ్చి పియానో మూత మీద గుడ్డ కప్పేసింది. ఆ రోజు నుంచి ఆయన ఎదురుపడితే నేను అవతలి పక్కకి దాటేదాన్ని.

అంతర్యుద్ధం అయ్యాక బార్సిలోనాలో ఆయన ఉద్యోగం ఊడగొట్టారు. గెలిచినవాళ్ళకి ఆయన పాత స్నేహాలు నచ్చలేదు. ఊరికొచ్చి చర్చిలో హార్మోనియం వాయిస్తూ కాలం గడిపాడు. పద్ధెనిమిదేళ్ళపాటు ఆయన పేరు ఏ గోడ ప్రకటనలోనూ అచ్చవలేదు. ఆగ్నెస్ యాభై నాలుగులో పోయింది. యాభై ఏడు వసంతంలో మా సర్దానా జాతర కమిటీ వాళ్ళు ఆయన్ని ఒక కొత్త సర్దానా కట్టమని అడిగారు. ఒప్పుకోడనే అనుకుని అడిగారు. ఒప్పుకున్నాడు. అనుమతి కాగితం కోసం కమిటీ వాళ్ళు మా జిల్లా కేంద్రం జిరోనాకి నాలుగుసార్లు తిరిగారు. ఇది బాగా కుదిరితే ఆయన పాత సంగీతాన్ని జిరోనాలో పెద్ద బృందం వాయిస్తానంటోందని, చెడితే మళ్ళీ ఆయన పేరెత్తేవాడు ఉండడని ఊరందరికీ తెలుసు. ఆయనకప్పుడు డెబ్భై ఒకటి.

రాసిన అసలు ప్రతిని నా కొట్టుకి రొట్టెల బండివాడి చేత పంపించాడు. నేరుగా వస్తే నేను తీసుకోననుకున్నాడో ఏమో. తీసుకున్నాను. పని పనే కదా.

చదువుతుంటే కడుపు మండింది. ఎందుకంటే బాగుంది. అంత బాగుంటుందని నేను అనుకోలేదు, అనుకోవాలని కూడా లేదు. దాంతో తప్పులు వెతకడం మొదలుపెట్టాను. దొరికాయి కూడా. ఒక చోట స్వరం తగ్గించే గుర్తు మర్చిపోయాడు. ఇంకో చోట పెద్ద బాకా వాడికి ఊపిరి తీసుకునే సందే ఇవ్వలేదు. రెండూ దిద్దాను. దిద్దుతుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఏడో పేజీ చివర ఒక గడి ఖాళీగా ఉంది. పదకొండు వరసల్లోనూ ఏమీ లేదు. స్వరం లేదు, ఆగమనే గుర్తు లేదు, వట్టి తెల్ల కాగితం. ఇలాంటివి నేను వంద చూశాను. సంగీతం కట్టేవాళ్ళు ముందే స్కేలుతో పేజీకి ఎనిమిదేసి గడులు గీసి పెట్టుకుంటారు. ఏడింటితో పల్లవి తెగితే ఎనిమిదోది వదిలేసి పేజీ తిప్పేస్తారు. ముసలాయన గీసి వదిలేశాడనుకున్నాను. ఆయన్ని అడగాలంటే ఆయన గుమ్మం ఎక్కాలి. ఆ గడి వదిలేసి రాశాను. పొడుగు అడుగుల భాగం డెబ్భై అయిదు గడులు తేలింది. నకళ్ళు మడిచి మేళం పెద్ద కిర్జేకి ఇచ్చేశాను. కిర్జే ఊదేది తెనోరా, అంటే మా పక్క సన్నాయి, మాట మాట్లాడితే మటుకు పెద్ద బాకా ఊదినట్టే ఉంటుంది.

జాతర రోజు చౌకు నిండిపోయింది. కొత్త సర్దానాకి బయటి ఊళ్ళవాళ్ళు తడబడకుండా మేళం పక్కన పలక మీద లెక్క రాసి పెట్టడం మా పద్ధతి. పొట్టి ముప్ఫై ఒకటి, పొడుగు డెబ్భై ఆరు అని ఉంది. కొదినా చెప్పిన అంకెలే కమిటీ రాసింది. నేను చూసి నవ్వుకున్నాను. నకళ్ళు రాసింది నేను, నాకు తెలియదా? ఎవరికీ చెప్పలేదు. మా వలయంలోవాళ్ళతో మాత్రం గుసగుసగా, పలక తప్పు, నా వేళ్ళు చూసుకోండి చాలు అన్నాను.

పద్నాలుగు వలయాలు కట్టారు. కోట్లూ సంచులూ మధ్యలో కుప్ప పోశారు. కొదినాకి మేళం పక్కన కుర్చీ వేశారు. నల్ల కోటు వేసుకుని, టోపీ మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. పొట్టి అడుగులు రెండుసార్లూ చక్కగా అయ్యాయి. పొడుగు అడుగుల్లో చేతులు పైకెత్తేసరికి జనం మొహాలు విచ్చుకున్నాయి. బాగుందని అడుగుల్లోనే తెలిసిపోతోంది. ఇరవయ్యో గడి దాటాక నా చూపు ఆయన మీద పడింది. కళ్ళు మూసుకుని, తల ముందుకు వంచి, ఒక వేలు ఎత్తి పట్టుకున్నాడు, వినండి అన్నట్టు. మేళం ఆ వేలి మీంచి సాగిపోయింది. ఆయన వేలు దించేశాడు.

అప్పుడు తెలిసింది నాకు. ఏడో పేజీ చివరి గడి కళ్ళముందుకొచ్చింది. అయినా ఆడుతూనే ఉన్నాను, ఎందుకంటే వలయం మధ్యలో వదిలేసి పోవడం కన్నా సిగ్గుమాలిన పని మా దగ్గర లేదు.

భాగం ముగిసింది. మా వలయం ఒక్కటే సరిగ్గా దిగింది. మిగతా పదమూడు వలయాలూ కాళ్ళు గాల్లో పెట్టుకుని మొహాలు చూసుకున్నాయి. రెండోసారి సగంమంది పలకని నమ్మారు, సగంమంది చెవుల్ని నమ్మారు, ఒకే వలయంలో ఇటొకరూ అటొకరూ లాగారు. ఎవరో పడ్డారు. నవ్వులు మొదలయ్యాయి. పక్క వలయానికి లెక్క పట్టే మంగలి సెబ్రియా, పారిస్‌లో అంకెలు వేరేమోలే అని అందరికీ వినబడేలా అన్నాడు. అయిపోయాక పది మంది నా దగ్గరికొచ్చి భుజం తట్టారు. రెమేయ్ ఒక్కతే ముసలాడి తప్పు పట్టేసిందని మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు నా ఒంటికి ముళ్ళలా గుచ్చుకుంది. కుర్చీ కేసి చూస్తే ఖాళీగా ఉంది.

అందరూ తోటలో భోజనాలకి వెళ్ళారు. నత్తల కూర వాసన సందు చివరిదాకా కొడుతోంది. నేను ఆయన గుమ్మం ఎక్కాను, ముప్ఫై మూడేళ్ళ తర్వాత. బంగాళాదుంపలూ చిక్కుడు కాయలూ ఉడకబెట్టుకుని, నూనె పోసుకుని తింటున్నాడు. కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు.

"ఆ గడి నేనే తీసేశాను మాస్టారూ. ఖాళీగా ఉంది కదాని."

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"మేళం ఆగనప్పుడే. కిర్జేకి అంత తెలివి లేదు, ఒక గడి దాటేయడానికి. నువ్వే అయి ఉంటావనుకున్నా."

మరి అక్కడే ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆయన నింపాదిగా నమిలి మింగాడు. తను ఎలాగూ చెడ్డవాణ్ణేనని, ఇంకో చెడ్డ పేరు వస్తే మునిగేదేం లేదని, నా రాతలో తప్పుందంటే ఏడు మేళాలూ వేరే మనిషిని చూసుకుంటాయని అన్నాడు. జిరోనా సంగతేమిటన్నాను. జిరోనా లేకుండా పద్ధెనిమిదేళ్ళు బతికాను కదమ్మా అన్నాడు. కానీ ఆ తర్వాత ఇంకో ముద్ద తినలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆయన ముందు ఏడవడం ఇష్టంలేక కోపంగా అడిగాను.

"అసలు ఖాళీ గడి ఎందుకు రాశారు? పదకొండుమంది మేళగాళ్ళూ నోళ్ళు మూసుకుని నిలబడితే అదేం సంగీతం?"

ఆయన కిటికీ చూపించాడు. ఆగ్నెస్ పోయిన ఏడాది చలికాలంలో ఒక ఆదివారం గదిలో పొగ చేరితే కిటికీ తీశాడట. ఉత్తరపు గాలి విపరీతంగా కొడుతోంది. మేళం మోత ఆ గాలికి అటే కొట్టుకుపోయింది, ఒక్క స్వరం కూడా వినబడలేదు. అడుగులు మాత్రం వినబడ్డాయి. వందమంది నార చెప్పులు ఒక్కసారిగా రాళ్ళ మీద దిగడం, చేటలో గింజలు దులిపినట్టు. ఎంతోసేపు నిలబడి విన్నాడట.

"ముప్ఫై ఏళ్ళు ఆగ్నెస్ పాదం అందులో పడింది. నేను కిటికీ మూసుకుని కూర్చున్నా. ఇక అందులో దాని అడుగు లేదు కదా అని అప్పుడు తోచింది. మేళం ఒక్క గడి నోరు మూస్తే, మిగతావాళ్ళవైనా ఊరికి వినబడతాయి. అంతే. నాకు చేతనయింది అది."

ఆ ఖాళీ గడిలో ఊరంతా ఉంది. నేను దాన్ని వాడని గడి అనుకున్నాను. లెక్కలొచ్చు గానీ సంగీతం రాదని ఆయనన్నది తప్పని నిరూపించడానికి ముప్ఫై మూడేళ్ళు బతికి, చివరికి నా చేత్తోనే అది నిజం చేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

కొట్టుకి పరిగెత్తాను. కిర్జే దగ్గర నుంచి నకళ్ళు తెప్పించి, బల్ల మీద పరిచి, పదకొండింటిలోనూ రెండు గడుల మధ్య సన్నగా ఒక గడి ఇరికించి, ఆగమని గుర్తు పెట్టాను. కిర్జే నోట్లో రొట్టెముక్కతోనే వచ్చి అడ్డం తిరిగాడు. జనం నవ్విన పాట మళ్ళీ వాయిస్తే మేళాన్ని చౌకులోంచి తరుముతారన్నాడు. తప్పు నాదని నేనే చౌకులో చెబుతానన్నాను. వాడు నమలడం ఆపాడు.

"నువ్వా? అందరి ముందా?"

"ఆఁ, నేనే. నీకేం, తెనోరా ఊదు. ఆ గడిలో మాత్రం ఊపిరి కూడా గట్టిగా తియ్యకు."

కొదినా దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. రానన్నాడు. కిటికీలోంచి వింటానన్నాడు. ఆ కిటికీ ఇక చాలు మాస్టారూ, వచ్చి వలయంలో నిలబడండి అన్నాను. తనకి అడుగులు రావన్నాడు. ఆ మాట వినేసరికి నాకు నవ్వూ బాధా రెండూ వచ్చాయి. సర్దానా కట్టిన మనిషికి సర్దానా ఆడటం రాదు.

"పెళ్ళాన్ని ఒంటరిగా పంపించిన వాణ్ణి, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అందులో దూరమంటావ్?"

"ఉన్న మొహంతోనే రండి. నేను పక్కనుంటా. వేలు నొక్కినప్పుడల్లా కాలు దించండి."

ఆగ్నెస్ నార చెప్పులు ఇంకా తలుపు వెనక మేకుకి వేలాడుతున్నాయి. ఆయనవి అసలు లేవు. నల్ల బూట్లతోనే వచ్చాడు.

సాయంత్రం ఆటకి జనం తిని తాగి కులాసాగా ఉన్నారు. నేను మేళం కూర్చునే అరుగు మెట్లెక్కి చెప్పాను. కొదినా గారు సరిగ్గానే రాశారు, పలకా సరిగ్గానే ఉంది, ఒక గడిని నేను మింగేశాను, పొద్దున మీరు తడబడింది నా మూలంగానే అన్నాను. ఆ గడిలో మేళం ఆగుతుందని, మీరు మాత్రం ఆగొద్దని చెప్పాను.

"రెమేయ్ కూడా తప్పుతుందన్నమాట," అన్నాడు సెబ్రియా. "ఇవాళ తారీఖు ఎవరైనా రాసుకోండయ్యా."

నవ్వారు. నన్ను చూసి నవ్వడం అదే మొదలు. ప్రాణమేం పోలేదు. నవ్వుతూనే వలయాలు కట్టారు. మా వలయంలో నా రెండో పక్కన ఎప్పట్లాగే లూసియా ఉంది, ఇన్నేళ్ళూ నా సైగ మొదట అందుకునేది తనే. ఈ పక్కన కొదినాని నిలబెట్టాను. ఆయన చెయ్యి తడిగా, చల్లగా ఉంది.

పొట్టి అడుగుల్లో ఎలాగో నెట్టుకొచ్చాడు. పొడుగు అడుగులు మొదలయ్యాయి. గడి దగ్గరకొచ్చాక మేళం టక్కున ఆగింది. మొదటిసారి సగంమంది బెదిరి కాళ్ళు కూడా ఆపేశారు. రెండోసారి ఎవరూ ఆపలేదు. నూట అరవై పాదాలు ఒక్కసారి రాళ్ళ మీద దిగాయి. ఇన్నేళ్ళూ ఆడుతూ ఆ చప్పుడు నేనెప్పుడూ వినలేదు, ఎప్పుడూ మేళం కిందే ఉండిపోయేది. ఆ వెంటనే, కాస్త ఆలస్యంగా, ఒక బూటు చప్పుడు విడిగా వినబడింది. ఆయనదే. నార చెప్పుల మధ్య తోలు బూటు చప్పుడు దాగుతుందా? చౌకంతా విన్నది. కొందరు తలలు తిప్పి చూశారు.

మూడోసారీ అంతే, నాలుగోసారీ అంతే. వేలు నొక్కితే కాలు దిగేసరికి ఆయనకి ఆ కాస్త ఆలస్యం అవుతోంది. మొహం ఎర్రబడిపోయింది. అయిదోసారి బూటు చప్పుడు అయ్యాక, క్షమించమన్నట్టు నా కేసి చూశాడు. ఆ చూపు నాకు భరించరానిదైంది. తన సొంత గడిలో ఆయన ఒక్కడే పరాయివాడిలా మిగిలిపోతున్నాడు.

పొడుగు భాగం ఆరుసార్లే వస్తుంది. ఆరోది ఆఖరు. ఆ గడి ఒక్క గడి దూరంలో ఉందనగా, ఆయన వేలు ఎప్పట్లాగే నొక్కుతూ, లూసియా చెయ్యి మాత్రం బిగించి పట్టుకున్నాను. ఆగమని ఆ బిగింపుకి అర్థం. లూసియా ఉలిక్కిపడింది, అయినా ముప్ఫై మూడేళ్ళ అలవాటు, బిగింపు చేతి నుంచి చేతికి చుట్టూ పాకింది. మేళం ఆగింది. పదమూడు వలయాలూ దిగాయి. మా వలయం కాలు ఎత్తి నిలబడింది. ఆయన బూటు కదిలాక, దాంతోపాటు మేమందరం దించాం. ముందు పెద్ద చప్పుడు, వెంటనే దాని వెనకే చిన్న చప్పుడు వినబడ్డాయి. ఆ చిన్నదాంట్లో బూటేదో చెప్పేదో ఎవరూ విడదీసి చెప్పలేరు. మేళం మళ్ళీ అందుకుంది. మేం అడుగు తప్పిపోయి, ముగింపులో కాళ్ళు గాల్లో పెట్టుకుని నిలబడ్డాం. మిగతా పదమూడు వలయాలూ సరిగ్గా ముగించాయి.

ఈసారి సెబ్రియా ఎవరినీ తారీఖు రాసుకోమనలేదు.

కొదినా వంగి తన బూట్ల కేసి చూసుకుంటున్నాడు. ముప్ఫై ఏళ్ళు కిటికీ మూసుకున్నా ఆయనకి లెక్క తెలుసు.

"కావాలనే తప్పించావు కదూ," అన్నాడు మెల్లగా.

అవునన్నాను. అందరూ చేతులు వదిలేసి, కోట్ల కోసం మధ్యకి వెళ్ళారు. ఆయన నా చెయ్యి వదల్లేదు. తలెత్తి మేళం వైపు చూస్తూ, ఇంకొకటి వాయిస్తారా అని అడిగాడు.